కళ్ళజోడా? కాంటాక్ట్ లెన్సా?

'సర్వేంద్రియాణాం నయనం ప్రధానం' అన్నారు పెద్దలు. బియ్యంలో రాయి ఏరాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా, పొయ్యి మీద పాలు పొంగకముందే దించాలన్నా మనకు కళ్ళే ఆధారం. అయినా ఇంట్లో అందరికీ జ్వరాలొస్తే డాక్టరు దగ్గరికి పరిగెత్తే మనం, మన కంటి సంగతికొచ్చేసరికి 'చూద్దాంలే, వచ్చే నెల్లో' అని తోసేస్తాం. ఇక పిల్లల కళ్ళజోడైతే అది చూపు సమస్యగా కాకుండా అందం సమస్యగా మారిపోతుంది. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో!

మా నెల్లూరు వైపు పెళ్ళిచూపుల మాట వచ్చిందంటే చాలు, ఎవరో ఒక పెద్దావిడ 'పాపకి అద్దాలు ఉండాయని చెప్పబాకండి, లెన్సు పెట్టించేయండి' అని సలహా ఇస్తుంది. వెంటనే అద్దాల షాపుకెళ్ళి, కళ్ళజోడు పవరు చెప్పి, చీరకు నప్పే రంగు లెన్సు కొనుక్కొచ్చేస్తారు. లెన్సు మంచిదే, కోట్లమంది హాయిగా వాడుతున్నారు. కానీ అది జుంకీలు కొన్నట్టు రంగు చూసి కొనే వస్తువు కాదు. ఆ కంటి కొలత ఏమిటి, ఆ అమ్మాయి రోజంతా చేసే పని ఏమిటి, దాన్ని శుభ్రంగా ఉంచుకునే వీలుందా అనే మూడూ చూసుకున్నాకే కొనాలి. అదెలాగో ఈ వారం వివరంగా చెప్పుకుందాం.

చూపంటే గోడమీద అక్షరాలేనా?

డాక్టరు దగ్గర గోడకు తగిలించిన అక్షరాల అట్ట చదివిస్తారు కదా. మామూలు కన్ను 6 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని మనమూ అంత దూరం నుంచే చదివితే మన చూపు 6/6. 6/18 అంటే, మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివేదాన్ని మనం 6 మీటర్ల దగ్గరికొస్తే గానీ చదవలేమన్నమాట.

అయితే 6/6 ఉన్నంత మాత్రాన చూపు పూర్తిగా బాగున్నట్టు కాదు. కంటికి ఇంకా చాలా నేర్పులు కావాలి. టీవీ నుంచి చేతిలోని కుట్టుపని మీదికి చూపు మార్చగానే అక్షరమైనా, కుట్టైనా వెంటనే స్పష్టంగా కనబడాలి. రెండు కళ్ళూ జోడెద్దుల్లా కలిసి నడవాలి. నూనె డబ్బాలోంచి చిన్న గిన్నెలోకి ఒలకకుండా పోయాలంటే లోతూ, దూరమూ అంచనా తెలియాలి. రోడ్డు దాటేటప్పుడు తల తిప్పకుండానే పక్కనుంచి వచ్చే ఆటో కనబడాలి. రంగుల తేడా తెలియాలి. సందెవేళ మసక వెలుతుర్లో గడప కనబడాలి. డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు 'దూరం కనబడటం లేదండీ' అని ఒక్కమాటతో సరిపెట్టుకోకుండా, ఇంట్లో ఏ పని దగ్గర ఇబ్బందిగా ఉందో చెప్పండి. సగం పరీక్ష అక్కడే అయిపోతుంది.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్షలు

గోడమీద తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా. గదికి అవతలి కొసన నిలబడి ఒక కన్ను అరచేత్తో మూసుకుని తేదీలు చదవండి. తర్వాత రెండో కన్ను. కన్నుమీద నొక్కకూడదు. రెండు కళ్ళ మధ్య తేడా ఉంటే పరీక్ష చేయించుకోవాలి. రెండు కళ్ళతోనూ చూస్తున్నంతసేపూ మంచి కన్ను చెడ్డ కన్నును దాచేస్తుంది, అందుకే చాలామందికి ఏళ్ళ తరబడి తెలియదు.

ఒక పెన్ను నిలువుగా పట్టుకుని ముక్కు దగ్గరికి మెల్లగా తీసుకురండి. దాదాపు నాలుగు అంగుళాల దాకా అది ఒకటిగానే కనబడాలి. అంతకంటే ముందే రెండుగా చీలిపోతే డాక్టరుకు చెప్పండి. చదవగానే తలనొప్పి, వరస తప్పడం లాంటివి దీనివల్ల కూడా రావచ్చు.

లోతు తెలియడానికి రెండు కళ్ళూ ఎంత అవసరమో చూడాలంటే ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. తంటాలు పడతారు!

పిల్లలు తల పక్కకు వాల్చి చూస్తున్నా, పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదువుతున్నా, టీవీ ముందుకు జరుగుతున్నా గమనించండి. 'మెల్లకన్ను అదృష్టం' అని మురిసిపోకండి. మెల్ల ఉన్న కంటిని మెదడు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. దాన్నే డాక్టర్లు లేజీ ఐ అంటారు. ఏడెనిమిదేళ్ళలోపే అద్దాలు, మంచి కంటికి పట్టీ లాంటి చికిత్స మొదలుపెడితే చూపు బాగా తిరిగొస్తుంది. ఆలస్యమైతే కష్టం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు పేరుతో కంటిపరీక్షలు మొదలయ్యాయి. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టి దినం నాడు, అనంతపురంలో కంటి వెలుగు మొదలైనప్పుడు మొదటి విడతలో బడిపిల్లల కళ్ళే చూశారు. కారణం ఇదే.

పిల్లలు రోజుకు ఓ రెండు గంటలు ఎండవెలుతుర్లో, బయట ఆడుకుంటే దూరపు చూపు తగ్గే ముప్పు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఫోను చూసేవాళ్ళు ప్రతి 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడాలి. తెరను చూస్తున్నప్పుడు మనం రెప్పలార్పడం బాగా తగ్గిపోతుంది, కళ్ళు మండేది అందుకే.

నలభై దాటాక

మన వయసు వాళ్ళందరికీ తెలిసిన మాట చత్వారం. చత్వారింశత్ అంటే నలభై. ఆ వయసుకు కంటి లోపలి కటకం మెత్తదనం తగ్గి, దగ్గరి అక్షరాలు మసకబడతాయి. బియ్యం చేట దూరంగా పెట్టి ఏరుతున్నారంటే చత్వారం వచ్చినట్టే. సిగ్గుపడాల్సిన పనే లేదు. అయితే సంతలో దొరికే రెడీమేడ్ అద్దాలు పెట్టుకుని సరిపెట్టుకోకండి. రెండు కళ్ళకూ ఒకే పవరు ఉండాలని ఏమీ లేదు. పైగా డాక్టరు దగ్గరికి వెళ్తే నీటికాసులు ఉన్నాయేమో, షుగరు వల్ల కంటి వెనక పొర దెబ్బతిందేమో కూడా చూస్తారు. ఈ రెండూ మొదట్లో నొప్పి లేకుండా చూపును తినేస్తాయి.

లెన్సు ఎలా వచ్చింది?

1888లోనే అడాల్ఫ్ ఫిక్ అనే డాక్టరు గాజుతో లెన్సు చేసి కంట్లో పెట్టి చూపించాడు. అది బరువు, కొద్ది గంటలకు మించి భరించలేకపోయేవారు. ఇప్పుడు మనం వాడే మెత్తని లెన్సు కథ తమాషాగా ఉంటుంది. చెకొస్లొవేకియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఒట్టో విక్టెర్లే 1961 క్రిస్మస్ రోజుల్లో ఇంట్లోనే పిల్లల ఆటసామాను ముక్కలు, సైకిల్ డైనమో కలిపి గిరగిర తిరిగే యంత్రం చేసి, నీళ్ళు పీల్చుకునే మెత్తని ప్లాస్టిక్‌తో మొదటి లెన్సులు పోత పోశాడు. 1971లో అమెరికా ప్రభుత్వం వీటిని అమ్ముకోవడానికి అనుమతించింది. తర్వాత 1999 ప్రాంతంలో గాలిని బాగా పోనిచ్చే సిలికాన్ హైడ్రోజెల్ రకాలు వచ్చాయి.

గాలి ఎందుకంటారా? నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దానికి రక్తనాళాలు ఉండవు. ప్రాణవాయువును బయటి గాలి నుంచే, కన్నీటి ద్వారా తీసుకుంటుంది. దానిమీద మూత పెడుతున్నాం కాబట్టి ఆ మూతలోంచి గాలి ఆడాలి.

ఏ కంటికి ఏ లెన్సు?

కళ్ళజోడు చీటీ పట్టుకెళ్ళి లెన్సు కొనకూడదు. కళ్ళజోడు కంటికి ఓ 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటినీటి మీదే తేలుతుంది. అందుకే పెద్ద పవర్లలో లెక్క మారిపోతుంది. కళ్ళజోడులో మైనస్ 6 ఉన్నవాళ్ళకు లెన్సులో మైనస్ 5.5 దాకా వస్తుంది.

రెండోది వంపు. గాజుల కొట్లో 2-4 చేతికి 2-8 గాజు ఇస్తే జారిపోతుంది, 2-2 ఇస్తే చెయ్యి ఒరుసుకుపోతుంది. కార్నియా వంపు కూడా మనిషి మనిషికీ వేరు. దాన్ని యంత్రంతో కొలిచి, లెన్సు పెట్టి, కాసేపు కూర్చోబెట్టి, రెప్ప ఆర్పినప్పుడు లెన్సు కొద్దిగా కదులుతోందా లేదా అని చూస్తారు. బిగిసిపోతే గాలి ఆడదు, వదులైతే చూపు ఊగుతుంది. ఈ పరీక్ష చెయ్యకుండా లెన్సు అమ్మితే కొనకండి. పవరు లేని రంగు లెన్సుకైనా ఈ కొలత తప్పదు.

ఇక రకాలు. మామూలు దూరపు చూపుకు మెత్తని లెన్సు. సిలిండర్ పవరు ఉంటే టోరిక్ లెన్సు. కార్నియా శంఖంలా ముందుకు పొడుచుకొచ్చే జబ్బున్నవాళ్ళకు కాస్త గట్టిగా ఉండి గాలి ఆడే లెన్సు. చత్వారానికి దూరం, దగ్గర రెండూ చూపించే లెన్సులున్నాయి. ఒక కంటికి దూరం, ఒక కంటికి దగ్గర ఇచ్చే పద్ధతీ ఉంది. ఇందులో లోతు అంచనా కొంత తగ్గుతుంది కాబట్టి, కొనేముందు ట్రయల్ లెన్సుతో ఇంట్లో మెట్లెక్కి దిగి, కూరలు తరిగి చూసుకోవాలి.

రోజువారీ లెన్సు పొద్దున పెట్టి రాత్రి పారేస్తాం. నెలవారీది రోజూ కడిగి దాచుకోవాలి. రోజువారీది ఖరీదెక్కువ అనిపిస్తుంది. కానీ నెలవారీ దానికి ద్రావణం, డబ్బీ ఖర్చు కూడా కలిపి లెక్క వేయండి. పండగలకూ, పెళ్ళిళ్ళకూ మాత్రమే పెట్టుకునే అమ్మాయికి రోజువారీదే చవకా, క్షేమమూ. ద్రావణం అక్కర్లేదు, డబ్బీలో బూజు పట్టే బాధ లేదు.

మన ఊరి గాలి, మన ఊరి నీళ్ళు

సముద్రం పక్కన ఉన్న మనకు కొన్ని జాగ్రత్తలు ఎక్కువ. మైపాడు, కోడూరు బీచిల్లో ఇసుకగాలి తగిలితే మామూలు కన్నే నలుసు పడి ఎర్రబడుతుంది. ఆ ఇసుక రేణువు లెన్సు కింద చేరితే కార్నియా మీద గీత పడుతుంది. ఉప్పు మడుల్లో, పడవల మీద ఎండకూ ఉప్పుగాలికీ ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళకు కంట్లో కండ పెరుగుతుంది. అలా కండ ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా లెన్సు జోలికి వెళ్ళకూడదు. వాళ్ళకు కావలసింది టోపీ, మంచి చలవ అద్దాలు.

కార్తీక పౌర్ణమి సముద్ర స్నానమైనా, పెన్నలో మునకైనా, ఇంట్లో తలంటు అయినా లెన్సు తీసి పెట్టాకే. రొయ్యల గుంటల దగ్గర పనికి వెళ్ళేవాళ్ళకు కూడా ఇదే మాట. కొళాయి నీళ్ళు, బావి నీళ్ళు, బోరు నీళ్ళు, సముద్రపు నీళ్ళు అన్నింట్లోనూ అకంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. తాగితే ఏమీ చెయ్యదు. లెన్సు కింద చేరితే మాత్రం కార్నియాను తొలిచేస్తుంది. నొప్పి భరించలేం, మందులు నెలల తరబడి వెయ్యాలి. 'మరిగించి చల్లార్చిన నీళ్ళేగా', 'మినరల్ వాటరేగా' అని లెన్సు కడిగేవాళ్ళున్నారు. వద్దు. లెన్సుకూ నీళ్ళకూ ఎప్పుడూ చుట్టరికం కలపకండి.

కోతల కాలంలో వరి ఆకో, కంకి ముల్లో కంట్లో తగిలితే లెన్సు ఉన్నా లేకున్నా ఆ రోజే డాక్టరు దగ్గరికెళ్ళాలి. మన దక్షిణాదిన బూజు వల్ల వచ్చే కంటిపుళ్ళకు ఇలాంటి పొలం దెబ్బలే పెద్ద కారణం.

వంటింట్లో

పొయ్యి వేడికి లెన్సు కరిగి కంటికి అతుక్కుపోతుందన్న పుకారు నమ్మకండి. అలా జరగదు. లెన్సు కంటి వెనక్కి పోతుందన్నదీ అబద్ధమే, తెల్లగుడ్డు మీది పొర రెప్ప లోపలికి మడతపడి ఉంటుంది కాబట్టి వెనక దారి మూసే ఉంటుంది. కానీ పోపు పొగ, నూనె ఆవిరి లెన్సును పొడిబార్చి మురికి చేస్తాయి. అన్నిటికంటే ప్రమాదం మన చేతులు. ఆవకాయ కలిపిన చెయ్యి, మిరపకాయలు తుంచిన చెయ్యి ఒకసారి సబ్బుతో కడిగినా ఘాటు పోదు. ఆ చేత్తో లెన్సు ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే పొద్దున లెన్సు పెట్టుకున్నాకే వంట మొదలుపెట్టండి. కారం పనులున్న రోజు కళ్ళజోడుతోనే ఉండండి. అలంకరణలోనూ లెన్సు ముందు, కాటుక తర్వాత. రాత్రి లెన్సు తీశాకే ముఖం కడగాలి. కాటుక రెప్ప లోపలి అంచున దిద్దకండి.

దాచిపెట్టిన కళ్ళజోడు

మా వీధిలో జరిగిన సంగతి చెబుతాను. ఒక అమ్మాయికి మైనస్ 5 పవరు. కళ్ళజోడు సంగతి పెళ్ళివారికి చెప్పలేదు. పెళ్ళికి లెన్సు పెట్టారు. అత్తారింట్లో కళ్ళజోడు పెట్టెలో అడుగున ఉండిపోయింది. రాత్రి లెన్సు తీస్తే పొద్దున లేవగానే ఎదుటి మనిషి ఆనవాలు తెలియదు, అందుకని మూడు రాత్రులు లెన్సుతోనే పడుకుంది. నాలుగోనాటికి ఒక కన్ను ఎర్రబడి నీళ్ళు కారాయి. 'కళ్ళకలకలే' అని మందుల షాపులో చుక్కలు తెచ్చి వేశారు. ఎరుపు ఒకరోజు తగ్గి, మర్నాటికి నల్లగుడ్డు మీద తెల్లచుక్క కనిపించింది. అప్పుడు చెన్నైకి పరిగెత్తారు. కన్ను దక్కింది. కానీ మచ్చ మిగిలింది, ఆ కంటికి చూపు ఇప్పటికీ మసకే.

ఇందులో విచిత్రం ఏమిటంటే, సంగతి తెలిశాక ఆ పిల్ల మామగారు 'నేనూ సోడాబుడ్డి అద్దాలవాణ్ణే కదమ్మా, చెప్పుంటే ఏం పోయేది' అన్నారట. లెన్సుతో పడుకుంటే కంటిపుండు వచ్చే ముప్పు ఆరు రెట్లకు పైగా పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు. రెప్ప మూసి ఉన్నప్పుడు అసలే గాలి తక్కువ, పైన లెన్సు మూత కూడా ఉంటే క్రిములకు పండగే. కళ్ళజోడు దాచాల్సిన ఇంట్లో ఏ అమ్మాయీ లెన్సును క్షేమంగా వాడలేదు. లెన్సు వాడే మనిషికి కళ్ళజోడు పక్కనే ఉండాలి. సంబంధం మాట్లాడేటప్పుడే 'మా పాప అద్దాలు పెట్టుకుంటుంది, అప్పుడప్పుడు లెన్సు పెడుతుంది' అని చెప్పేయండి. ఒక్క మాటతో పోయేదానికి కన్నును ఎందుకు పణంగా పెట్టాలి?

రోజూ పాటించాల్సినవి

1. సబ్బుతో చేతులు కడిగి, నూగు రాలని శుభ్రమైన గుడ్డతో తడి లేకుండా తుడుచుకున్నాకే లెన్సు ముట్టుకోవాలి. చీరకొంగు పనికిరాదు.

2. తీసిన లెన్సును అరచేతిలో పెట్టి, ద్రావణం వేసి, వేలితో మెల్లగా రుద్ది, మళ్ళీ ద్రావణంతోనే కడగాలి.

3. డబ్బీలో నిన్నటి ద్రావణం పారబోసి కొత్తది పోయాలి. పాతదాని మీద కొత్తది కలపడం పాలకుండలో పులిసిన పాలు ఉంచి కొత్తపాలు పోసినట్టే. 2005-06లో అమెరికా, సింగపూర్, హాంకాంగ్‌లలో ఒక రకం ద్రావణం వాడినవాళ్ళకు బూజువల్ల కంటిపుళ్ళు రావడంతో 2006 మే నెలలో దాన్ని ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. పాత ద్రావణంలో కొత్తది కలిపే అలవాటు కూడా ఆ ముప్పును పెంచిందని తర్వాత తేలింది.

4. ఖాళీ డబ్బీని ద్రావణంతో కడిగి బోర్లించి ఆరబెట్టాలి. మూడు నెలలకొకసారి మార్చాలి. బాత్‌రూములో పెట్టకండి.

5. గడువు దాటిన లెన్సు 'బాగానే ఉందిగా' అని వాడకండి. ఒకరి లెన్సు ఇంకొకరు పెట్టుకోకూడదు, అక్కచెల్లెళ్ళైనా సరే.

6. జలుబు, జ్వరం, కళ్ళకలక ఉన్నప్పుడు లెన్సు మానేయాలి. 2023 వానాకాలంలో ఊరూరా కళ్ళకలక వచ్చింది గుర్తుందా? అలాంటప్పుడు కంట్లో ఉన్న లెన్సు, డబ్బీ రెండూ పారేసి, పూర్తిగా తగ్గాక కొత్తవి మొదలుపెట్టాలి.

కన్ను ఎర్రబడితే

లెన్సు వాడేవాళ్ళకు కన్ను ఎర్రబడినా, నొప్పి చేసినా, వెలుతురు చూడలేకపోయినా, మసకగా ఉన్నా వెంటనే లెన్సు తీసేయాలి. అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. రేపటిదాకా ఆగకండి, కొన్నిరకాల క్రిములు ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించేస్తాయి. చనుబాలు, ఆముదం, తేనె, నందివర్ధనం పూలు ఏవీ వద్దు. షాపులో అడిగి చుక్కలు తెచ్చుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టే ఉండి లోపల పుండు పెరుగుతుంది. వెళ్ళేటప్పుడు తీసిన లెన్సు, డబ్బీ, ద్రావణం సీసా కూడా తీసుకెళ్ళండి. అవసరమైతే వాటిలో ఏ క్రిమి ఉందో పరీక్షిస్తారు.

మొదట మీకు దగ్గరలోని కంటి డాక్టరు దగ్గరికే వెళ్ళండి, దూరం వెళ్ళాలని గంటలు పోగొట్టుకోకండి. పెద్ద వైద్యం కావాలంటే మనకు రెండువైపులా దారి ఉంది. దక్షిణాన చెన్నైలో డాక్టర్ బద్రీనాథ్ 1978లో స్థాపించిన శంకర నేత్రాలయ ఉంది. ఉత్తరాన విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. సినిమా నిర్మాత ఎల్.వి.ప్రసాద్ గారి విరాళంతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో మొదలుపెట్టిన సంస్థకు ఇది శాఖ.

చివరగా ఒక్కమాట. ఎవరైనా పాపకి లెన్సు కొందామంటే 'ఏ రంగు?' అని కాకుండా, 'కొలత తీయించారా? రాత్రి తీస్తుందా? కళ్ళజోడు దగ్గరుందా?' అని అడగండి. మూడింటికీ అవునని జవాబొస్తే నిశ్చింతగా కొనివ్వండి. ఒక్కటి కాదన్నా, మంచి ఫ్రేము చూసి చక్కటి కళ్ళజోడు కొనండి. అద్దాలు పెట్టుకున్నంత మాత్రాన మన పిల్లల మొహంలో కళ ఎక్కడికీ పోదు!